మెంతి నీళ్ళు, కాకర జ్యూస్ తాగుతూ షుగర్ టాబ్లెట్ మానేయొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది భీమవరం. మావారికి 54 ఏళ్ళు, షుగర్ వచ్చి ఆరేళ్ళయింది. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, పొద్దున్న గ్లిమెపిరైడ్ 1 వేసుకుంటారు. మొన్న టెస్ట్ చేయిస్తే హెచ్‌బీఏ1సీ 8.9 వచ్చింది. మా మరిది టాబ్లెట్లు ఆపేసి ఏదో మూలికల పొడి వాడుతున్నాడు, షుగర్ మొత్తం పోయిందని చెప్తున్నాడు, ఆ పొడి మాక్కూడా డబ్బా పంపించాడు. అది చూసి ఈయన కూడా టాబ్లెట్లు మానేస్తానని పట్టుబట్టారు. పది రోజులుగా పరగడుపున మెంతి నీళ్ళు, ఆ తర్వాత కాకరకాయ జ్యూస్, ఇన్సులిన్ మొక్క ఆకులు రెండు. జ్యూస్ తాగాక గంటన్నర ఏం తినకూడదంట, అందుకని రొయ్యల మేత కొట్టుకి టిఫిన్ లేకుండానే వెళ్ళిపోతున్నారు. పదిన్నరకి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి అని రెండుసార్లు చెప్పారు, అది ఒంట్లో విషం బయటికి పోవడమని మరిది అంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దాల్చినచెక్క క్యాప్సూల్స్ పంపిస్తానంటోంది. వీటిల్లో నిజంగా పనిచేసేవి ఏవి, ఎంత, ఎలా తినాలి? టాబ్లెట్లు మానొచ్చా? ఈమధ్య అరికాళ్ళు తిమ్మిర్లు కూడా అంటున్నారు.

సమాధానం: అక్కా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ పదిన్నర వణుకు సంగతి. విషం బయటికి పోవడం కాదు అది, షుగర్ బాగా కిందికి పడిపోవడం, లక్షణాలు చూస్తే నూటికి తొంభై పాళ్ళు అదే. బావగారు పొద్దున్న వేసుకునే గ్లిమెపిరైడ్ ఏం చేస్తుందంటే ప్యాంక్రియాస్‌ని ఇన్సులిన్ వదలమని తోస్తుంది, మీరు టిఫిన్ తిన్నారా లేదా అని అది చూడదు. ఆ టాబ్లెట్ వేసుకుని, పైన కాకర జ్యూస్ తాగి, ఇడ్లీ ముక్క కూడా నోట్లో పెట్టుకోకుండా కొట్లో కూర్చుంటే షుగర్ పడిపోక ఏమౌతుంది చెప్పండి. ఇంకోసారి అలా అనిపిస్తే వెంటనే ఇంట్లో షుగర్ చూసే మీటర్‌తో చూడమనండి, 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, పెరగకపోతే మళ్ళీ అంతే తాగాలి, పెరిగాక ఏదన్నా తినాలి. మీటర్ దగ్గర లేకపోతే చూడ్డం కోసం ఆగొద్దు, పంచదార తాగేయమనండి. కొట్టు గల్లాపెట్టెలో ఒక పంచదార పొట్లం పెట్టండి, పనిచేసే కుర్రాడికి కూడా చెప్పి ఉంచండి. మనిషి మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా నోట్లో నీళ్ళు పోయొద్దు, సీదా హాస్పిటలే. రేపట్నుంచి ఆ పరగడుపు జ్యూస్ ఆపేయండి, టాబ్లెట్ వేసుకుంటే టిఫిన్ తినాల్సిందే, ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి రెండుసార్లు ఇలా అయిందని చెప్పండి, గ్లిమెపిరైడ్ తగ్గించాలా మార్చాలా అన్నది ఆయన చూస్తారు. నేను డైటీషియన్ని, మందు డోసు మార్చడం నా పని కాదు.

ఇక టాబ్లెట్లు మానడం అంటారా. 8.9 అంటే మూడు నెలలుగా సగటున షుగర్ 200 పైనే తిరుగుతోందని, చాలామందికి డాక్టర్లు పెట్టే టార్గెట్ 7 లోపు. వంటింట్లో దొరికే ఏ ఆకూ ఏ గింజా ఒంటరిగా 8.9ని 7కి లాక్కురాదు, ఇది మాత్రం గట్టిగా చెప్పగలను. వాటికి పనితనం లేదని కాదు, ఉంది, కొన్నిటికి బాగానే ఉంది, కానీ అది టాబ్లెట్‌కి తోడుగా, అన్నం తగ్గించిన ప్లేటులో భాగంగా ఉండే పనితనం. అందరూ పొరపడేది కూడా ఇక్కడే, పనిచేసే భాగాన్ని పారేసి పనిచేయని భాగాన్ని తాగుతుంటారు, మెంతుల దగ్గరికి వచ్చినప్పుడు వివరంగా చెప్తా.

బావగారికి ఒక మాట చెప్పండి, టాబ్లెట్ అంటే కెమికల్, ఆకు అంటే నేచురల్ అని ఆయన అనుకుంటున్నారు గదా, ఆయన రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ పుట్టుకే ఒక మొక్క దగ్గర మొదలైంది. యూరప్‌లో గాలెగా అనే మొక్క ఉంది, ఊదారంగు పూలు పూస్తుంది, మన మెంతి మొక్కకి చుట్టమే, రెండూ చిక్కుడు కుటుంబానివే. దాన్ని అక్కడ పాతరోజుల్నుంచి నాటువైద్యంలో వాడేవాళ్ళు. దాన్ని మేస్తే గొర్రెలు చచ్చిపోయేవి కూడా, అంత ఘాటు. అందులో షుగర్ తగ్గించే పదార్థం ఉందని తెలిసింది గానీ అది నేరుగా ఇస్తే మనుషులకీ ప్రమాదమే, అందుకని ఆ జాతి పదార్థాల్లోంచి మనిషి తట్టుకోగలిగింది వెతుక్కుంటూ వచ్చారు, మెట్‌ఫార్మిన్‌ని 1922లో తయారు చేశారు, షుగర్ పేషెంట్ల మీద వాడి 1957లో రిపోర్ట్ రాసింది జీన్ స్టెర్న్ అనే ఫ్రెంచ్ డాక్టర్. కాబట్టి మొక్కల వైద్యమే కావాలంటే ఆయన ఆరేళ్ళుగా దాని మనవడినే మింగుతున్నారు, కొలత తప్పకుండా.

మెంతులు. వీటి గురించి కాస్త ఎక్కువ మాట్లాడతా ఎందుకంటే ఈ మొత్తం లిస్టులో నాకు నమ్మకం ఉన్నది వీటి మీదే, పైగా వీటి మీద పని జరిగింది ఎక్కడో కాదు, మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో. ఇవాళ రాత్రి ఒక పని చేయండి, ఒక స్పూన్ మెంతులు గ్లాసులో నానబెట్టి పొద్దున్న ఆ గింజల్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలపండి. జారుతుంది చూడండి, బంకగా, వేళ్ళు విడదీస్తే సన్నటి తీగలాగా సాగుతుంది. మందంటే ఆ బంకే అక్కా. అది నీళ్ళలో ఉబ్బే రకం పీచు, కడుపులోకి వెళ్ళాక అన్నంతో కలిసి చిక్కటి జావలా తయారవుతుంది, అప్పుడు అన్నంలోని గ్లూకోజు ఒక్కసారిగా రక్తంలోకి ఉరికిపోకుండా నెమ్మదిగా చేరుతుంది, తిన్న రెండు గంటల తర్వాత చూసే షుగర్ అంత ఎగరదు. ఇది కాకుండా మెంతుల్లో ఇన్సులిన్ విడుదలకి సాయపడే ఒక అమైనో ఆమ్లం కూడా ఉంది గానీ, ఇంటి వాడకంలో ప్రధానమైన పని మాత్రం బంకదే.

ఇప్పుడు చెప్పండి, గింజలు వడకట్టి పారేసి పసుపుపచ్చ నీళ్ళు మాత్రం తాగితే ఏం దక్కినట్టు? చేదు దక్కుతుంది, కొంచెం బంక దక్కుతుంది, అసలు సరుకు సింక్‌లోకి పోతుంది. అదీ పరగడుపున తాగేసి, అన్నం మధ్యాహ్నం ఒంటిగంటకి తింటే, ఆ అన్నాన్ని ఆపడానికి పొద్దుటి మెంతులు ఎక్కడుంటాయి? భోజనం పూట భోజనంతో వెళ్ళాలి, గింజతో సహా వెళ్ళాలి.

ఎంత అన్నదానికి కూడా అక్కడి ప్రయోగాలే మంచి లెక్క చెప్తాయి. 1990లో వాళ్ళు అచ్చు వేసిన ఒక పరిశోధనలో నూనె తీసేసిన మెంతి పొడి రోజుకి 100 గ్రాములు, సగం మధ్యాహ్నం సగం రాత్రి, భోజనంలో కలిపి ఇచ్చారు. వాళ్ళు టైప్ 1 వాళ్ళు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, ఇన్సులిన్ ఆపి కాదు, దాంతోపాటే. తగ్గుదల బాగా కనిపించింది. టైప్ 2 వాళ్ళకి, అంటే బావగారిలా పెద్దయ్యాక షుగర్ వచ్చి టాబ్లెట్ల మీద ఉన్నవాళ్ళకి, సాధారణంగా చెప్పే లెక్క రోజుకి 25 గ్రాములు. ఒక టీస్పూన్ మెంతులు తూస్తే దాదాపు 4 గ్రాములు ఉంటాయి, అంటే 25 గ్రాములంటే ఆరు స్పూన్ల పైమాటే, మనం తాగేదేమో ఒక స్పూన్ నానబెట్టిన నీళ్ళు. ఇంక షుగర్ తగ్గలేదు అని మెంతుల్ని తిట్టుకుంటే ఎలా.

ఆరు స్పూన్లు మొదటిరోజే తినిపించకండి, కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి, ఇంక మెంతులంటేనే మొహం తిప్పేస్తారు. మొదటి వారం మధ్యాహ్నం అరస్పూన్, రాత్రి అరస్పూన్, తర్వాత పూటకి ఒకటి, పడితే పూటకి ఒకటిన్నర దాకా, అక్కడ ఆగినా చాలు. ఎలా అంటే, రాత్రి నానబెట్టిన గింజల్ని మిక్సీలో మజ్జిగతో కలిపి తిప్పేసి, కాస్త ఉప్పు, కరివేపాకు, అల్లం వేసి భోజనం మొదట్లో తాగించొచ్చు. లేదా మొలక కట్టండి, తడిగుడ్డలో రెండో రోజుకి చిన్న మొలక వస్తుంది, చేదు చాలావరకు దిగిపోతుంది, ఉల్లిపాయ నిమ్మకాయ పిండి తినేయొచ్చు. చపాతీ పిండిలో పొడి కలపొచ్చు. దోసెల పిండిలో మనం ఎటూ ఒక స్పూన్ వేస్తాం, దాన్ని రెండు మూడు చేయండి, దోసె ఇంకా బాగా కాలుతుంది. ఆవకాయలో మెంతిపిండి ఉంది గదా అని మాత్రం బావగారు మొదలుపెట్టకుండా చూసుకోండి, అందులో ఉప్పు, నూనె లెక్క వేరే. ఇంకోటి, మెంతికూర వేరు మెంతులు వేరు. మెంతికూర పప్పు మంచి కూరే, ఆకుకూర కింద లెక్క, వారానికి రెండుసార్లు చేయండి, కానీ ఆ బంక గింజలోదే, ఆకులో అంత ఉండదు.

చెమటకి, మూత్రానికి కొంచెం తియ్యటి వాసన వస్తే భయపడొద్దు, మెంతులు ఎక్కువ తింటే వస్తుంది. కానీ ఆ పీచు మందుల్ని కూడా పట్టుకుంటుంది, అందుకని టాబ్లెట్లకీ మెంతులకీ మధ్య గంటా రెండు గంటల తేడా ఉంచండి, ముఖ్యంగా థైరాయిడ్ టాబ్లెట్ వేసుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇంతింత తినొద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు కూడా పోపులో వేసుకునేంతవరకే. వేరుశనగ, శనగ పడనివాళ్ళకి ఒక్కోసారి మెంతులూ పడవు.

కాకరకాయ విషయంలో నా మాట సూటిగా ఒకటే, కూర తినండి, జ్యూస్ తాగకండి. కాకరలో ఇన్సులిన్‌ని పోలిన ఒక ప్రోటీన్ ఉంది, ఇంకా కొన్ని చేదు పదార్థాలున్నాయి, ఎలుకల మీద బ్రహ్మాండంగా పనిచేశాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఫలితం పలచబడిపోయింది. 2011లో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక ట్రయల్‌లో నాలుగు వారాలు రోజుకి 2 గ్రాముల ఎండు కాకర ఇస్తే షుగర్ కొంచెం తగ్గింది, అదే ట్రయల్‌లో 1000 ఎంజీ మెట్‌ఫార్మిన్ తీసుకున్నవాళ్ళకి తగ్గినంత తగ్గలేదు. ఆ మరుసటి ఏడాది, 2012లో, ట్రయల్స్ అన్నీ ముందు పెట్టుకుని చూసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశీలన సంస్థ వాళ్ళు కూడా కాకరతో షుగర్ తగ్గుతుందని చెప్పడానికి సరిపడా ఆధారం లేదన్నారు. మరి జ్యూస్ ఎందుకొద్దు అంటే, నాలుగైదు కాయల చేదు ఒక్క గ్లాసులో, ఖాళీ కడుపులోకి, ఎంత పడుతుందో తెలీకుండా, పైన గ్లిమెపిరైడ్, మీ ఇంట్లో అయిందే రేపు ఇంకొంచెం గట్టిగా అవ్వొచ్చు. పిల్లలు కాకర కషాయం తాగి షుగర్ పడిపోయి స్పృహ తప్పిన కేసులు డాక్టర్లు రాశారు. గింజల్లో ఉండే ఒక పదార్థం జి6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్ళకి ఎర్రరక్తకణాలు విరిగిపోయేలా చేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్ళయితే కాకర జ్యూస్ జోలికే పోకూడదు.

కూరగా అయితే ఈ గొడవే లేదు, పూటకి ఒకరు తినేది ఒకటి రెండు కాయలు, పీచుంది, అన్నం తక్కువ పడుతుంది. కానీ మన కాకరకాయ వంటల్లో సగం కాకరకాయ మేలుని మనమే చంపేస్తాం కదా. బెల్లం పెట్టిన పులుసు, నూనెలో ములిగిపోయేలా వేయించిన కారం కాయ, వేపుడు చిప్స్. బెల్లం లేకుండా చేదు తగ్గాలంటే పైన గరుకు కాస్త గీకి, చక్రాలుగా తరిగి, ఉప్పు పసుపు రాసి అరగంట ఉంచి, పలచటి మజ్జిగలో ఒక పొంగు రానిచ్చి వార్చేయండి, తర్వాత రెండు స్పూన్ల నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి కారంతో మూత పెట్టి మగ్గించండి. కొంచెం చేదు ఉండనివ్వండి, చేదంతా తీసేస్తే ఇంక కాకరకాయ ఎందుకు, బీరకాయే వండుకోవచ్చు.

జ్యూస్ మాట వచ్చింది కాబట్టి, షుగర్‌కి మంచిదని సొరకాయ జ్యూస్ తాగేవాళ్ళూ చాలామంది ఉన్నారు, మీ వీధిలోనే ఎవరో ఉండి ఉంటారు. సొరకాయ చేదుగా ఉంటే అది విషం, కాకర చేదు లాంటిది కాదు. అది తాగి రక్తపు వాంతులు అయి ప్రాణం మీదికి వచ్చినవాళ్ళున్నారు, చనిపోయినవాళ్ళూ ఉన్నారు, భారత వైద్య పరిశోధన మండలి కమిటీ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక రాసింది. వండే ముందు చిన్న ముక్క కొరికి చూసి చేదుంటే కాయ మొత్తం పారేయాలి.

దొండకాయని ఎవరూ మందు అనరు పాపం, కానీ దాని మీద మంచి ట్రయలే జరిగింది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య సంస్థలో కొత్తగా షుగర్ తేలిన 60 మందిని తీసుకుని కొందరికి దొండ సారం రోజుకి 1 గ్రాము, కొందరికి ఉత్తుత్తి గుళిక, 90 రోజులు ఇచ్చారు, సారం తీసుకున్నవాళ్ళ పరగడుపు షుగర్ 16 శాతం దాకా తగ్గింది, తిన్నాక చూసేది 18 శాతం దాకా. 2008లో వచ్చింది ఆ పేపర్. అది సారం, మన కూర కాదు, కూరలో అంత పని జరుగుతుందని నేను చెప్పను. కానీ వారంలో రెండు రోజులు ఆలుగడ్డ వేపుడు చేసే చోట దొండకాయ కూర చేస్తే అక్కడే సగం గెలిచినట్టు. కరివేపాకు, మునగాకు, ఉసిరికాయ కూడా అంతే, మంచి తిండి, తినండి, వాటి మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి.

దాల్చినచెక్క, అంటే మీ అమ్మాయి క్యాప్సూల్స్. 2003లో పాకిస్తాన్‌లో 60 మంది మీద చేసిన ఒక స్టడీలో రోజుకి 1 నుంచి 6 గ్రాములు ఇస్తే 40 రోజుల్లో షుగర్ బాగా తగ్గిందని వచ్చింది, అక్కణ్ణుంచే ఈ గోల మొదలైంది, తర్వాత వేరే దేశాల్లో చేస్తే కొన్నిట్లో కొంచెం తగ్గింది, కొన్నిట్లో అస్సలు తగ్గలేదు. సమస్య ఏంటంటే మన కిరాణా కొట్లో చెక్క పేరుతో అమ్మేది ఎక్కువగా కాసియా, మందంగా, గట్టిగా, ఒకే చుట్టుగా ఉంటుంది. అందులో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ ఎక్కువ తింటే కొంతమందికి లివర్ దెబ్బతింటుంది. 60 కేజీల మనిషికి రోజుకి 2 గ్రాముల కాసియా దాటొద్దని జర్మనీ ఆహార భద్రతా సంస్థ లెక్క, ఒక టీస్పూన్ నిండుగా తీస్తే ఆ గీత దాటిపోతుంది. సిలోన్ రకం వేరు, కాగితంలా సన్నటి పొరలు చుట్టచుట్టలుగా ఉంటాయి, వేలితో నొక్కితే పొడైపోతుంది, అందులో కౌమరిన్ నామమాత్రం. టీలో ముక్క వేసుకోవడానికి, బిర్యానీకి ఏదైనా పర్లేదు. క్యాప్సూల్స్ మాత్రం వద్దని అమ్మాయికి చెప్పండి, ఆ డబ్బుతో మంచి గ్లూకోమీటర్, స్ట్రిప్పులు కొని పెట్టమనండి, వాళ్ళ నాన్నకి దానివల్ల జరిగే మేలు ఎక్కువ.

ఇన్సులిన్ మొక్క పేరు గొప్ప, మొక్కలో ఇన్సులిన్ ఏమీ ఉండదు, ఉన్నా నోటితో తింటే కడుపులోనే జీర్ణమైపోతుంది, ఇన్సులిన్‌ని సూదితో ఇచ్చేదే అందుకు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కుండీ మొక్క, పుల్లటి ఆకు, మనుషుల మీద చెప్పుకోదగ్గ పరీక్షలు లేవు. ఎప్పుడైనా ఒక ఆకు నమిలితే కొంప మునగదు, కానీ దాని పేరు చెప్పి టాబ్లెట్ మానడానికి లేదు.

పొడపత్రి మీరు అడగలేదు గానీ ఆ పొడి డబ్బాలో ఉండే ఉంటుంది, ఇలాంటి పొడులన్నిట్లో ఉంటుంది. దాని తమాషా చూడాలంటే పచ్చి ఆకు ఒకటి ఒక నిమిషం నమిలి ఊసేసి నాలుక మీద పంచదార వేసుకోండి, తీపి తెలీదు, ఇసుక నమిలినట్టు గరగరలాడుతుంది, కాసేపటికి మళ్ళీ మామూలైపోతుంది. ఆకులో ఉన్న ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లని మూసేస్తాయి. స్వీటు మీద యావ ఉన్నవాళ్ళకి ఇది నిజంగా పనికొస్తుంది. షుగర్ తగ్గించడంలో కూడా కొంత ఆధారం ఉంది, అందుకే టాబ్లెట్ల మీద అది కూడా వేస్తే మళ్ళీ ఆ వణుకే.

ఇప్పుడు మీ మరిది సంగతి. టాబ్లెట్లు ఆపితే షుగర్ పోయిందంటున్నాడు, దేంతో చూశాడు? పరగడుపు టెస్ట్ ఒక్కటేనా, ముందురోజు రాత్రి తినకుండా వెళ్ళాడా, హెచ్‌బీఏ1సీ చేయించాడా? అడగండి, మర్యాదగానే. నిజంగా తగ్గి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే లేబుల్ లేని పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి ఇంగ్లీషు షుగర్ మందే నూరి కలిపేసినవి చాలాసార్లు పట్టుబడ్డాయి, మనిషేమో ఆకు తింటున్నా అనుకుంటాడు, నిజానికి తింటున్నది కొలత లేని టాబ్లెట్. ఇంకోవైపు భారలోహాలు, 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 కొని పరీక్ష చేస్తే దాదాపు ఐదోవంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు, చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ దగ్గరికి వెళ్ళి, వాడే టాబ్లెట్లు చూపించి, లైసెన్స్ నంబరున్న మందు రాయించుకుంటే అది వేరే సంగతి. బంధువుల చేతులు మారి వచ్చిన పొడి వేరు. అందులో నేరేడు గింజల పొడి కూడా ఉందని చెప్పే ఉంటారు, నేరేడు మీద కూడా ఎలుకల్లో వచ్చినంత ఫలితం మనుషుల్లో రాలేదు, బ్రెజిల్‌లో నేరేడు ఆకు టీ ఇచ్చి చూస్తే షుగర్ ఏమాత్రం కదల్లేదు. సీజన్‌లో ఒక గుప్పెడు పళ్ళు తినమనండి, హాయిగా.

ఇంతకీ 8.9 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. మీరు రాయలేదు గానీ భీమవరం భోజనం నాకు తెలుసు, మధ్యాహ్నం కంచం నిండా సన్నబియ్యం అన్నం, పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, చారుతో, చివర పెరుగుతో, కూర మాత్రం పక్కన రెండు స్పూన్లు. ఆ వరస తిప్పండి. ముందు కూర ఒక కప్పు, ఆకుకూర పప్పు ఒక కప్పు, చేప ఉంటే చేప, ఇవి సగం తిన్నాక అన్నం మొదలుపెట్టాలి, అదీ కప్పుతో కొలిచి, ఇప్పుడు తినేదాంట్లో సగం. ముందు కూరా ప్రోటీనూ తిని తర్వాత అన్నం తింటే అదే అన్నానికి షుగర్ తక్కువ పెరుగుతుంది, ఇది పరీక్ష చేసి చూసిన విషయమే. తిన్నాక పావుగంట నడక, కొట్టు ముందు అటూ ఇటూ అయినా సరే. రాగి జావ మంచిదని గ్లాసులు గ్లాసులు తాగించకండి, పిండి మెత్తగా ఉడికి జావ అయ్యాక అది త్వరగానే అరిగి షుగర్ లేపుతుంది, రాగి సంకటి చిన్న ముద్ద, పక్కన బోలెడు కూర అయితే పర్లేదు.

మెంతులు ఆయనకి పనిచేస్తున్నాయో లేదో నేను చెప్పక్కర్లేదు, మీటరే చెప్తుంది. ఒక రోజు మామూలు భోజనం, అదే కప్పు అన్నం, అదే కూర, మొదటి ముద్దకి ముందు ఒకసారి చూడండి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకి ఒకసారి. ఇంకో రోజు సేమ్ భోజనం, మొదట్లో మెంతి మజ్జిగతో, మళ్ళీ రెండుసార్లు. ఒక్కరోజు చూసి తీర్పు ఇవ్వకుండా ఇలా రెండు మూడు జతలు చేసి ఒక కాగితం మీద రాయండి. తిన్న రెండు గంటలకి 180 లోపు ఉండాలని మామూలుగా చెప్పే లెక్క. ఆయన మొండి మనిషి అని రాశారు గదా పట్టుబట్టారని, అలాంటివాళ్ళు మన మాట వినరు, వాళ్ళ వేలి మీది చుక్క మాట వింటారు.

ఈ మార్పులతో నంబర్లు దిగుతుంటే టాబ్లెట్ మీరే తగ్గించేయకండి, ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, దిగితే ఆయనే తగ్గిస్తారు, ముఖ్యంగా ఆ గ్లిమెపిరైడ్. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ మళ్ళీ చేయించండి, అంతకు ముందు చేయిస్తే తేడా పూర్తిగా కనపడదు. ఈసారి వెళ్ళేటప్పుడు మరిది పంపిన డబ్బా కూడా సంచిలో పడేసుకెళ్ళండి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ టెస్టులు చేయించి చాలా రోజులైతే అవీ రాయమనండి. అరికాళ్ళ తిమ్మిర్లు అని చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారు, అది వదిలేసేది కాదు. షుగర్‌తో నరాలు దెబ్బతిని అవ్వొచ్చు, లేదా ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే కొంతమందికి బీ12 విటమిన్ తగ్గిపోతుంది, దాంతోనూ ఇవే తిమ్మిర్లు. బీ12 టెస్ట్ అడగండి, కాళ్ళకి సన్నటి నైలాన్ పోగుతో స్పర్శ చూసే పరీక్ష ఒకటుంటుంది, అది కూడా చేయమనండి. అప్పటిదాకా కొట్లో ఉత్త కాళ్ళతో తిరగనివ్వొద్దు, రోజూ రాత్రి పాదాలు మీరే ఒకసారి తిప్పి చూడండి, పుండు గానీ గీత గానీ ఉన్నా ఆయనకి తెలియకపోవచ్చు.